పువ్వు వేళకు తోటకు వెళ్లడం: నెల్లూరులో పూల ఫొటోలకు సమగ్ర మార్గదర్శి

నెల్లూరులో పూల ఫొటోలను చెడగొట్టేవి ముఖ్యంగా రెండు. ఒకటి, పొద్దున తొమ్మిది దాటిందంటే రంగుల్ని తినేసే ఎండ. రెండోది, ఆ ఎండతోపాటే లేచే గాలి. ఈ రెంటినీ తప్పించుకోగలిగితే మామూలు ఫోనుతో తీసిన మందారమైనా ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకునేలా ఉంటుంది. తప్పించుకోలేకపోతే ఎంత ఖరీదైన లెన్సు పెట్టినా రేకులు తెల్లబారిపోయి, అంచులు అలుక్కుపోయి ఉంటాయి. అందుకే ఇక్కడ కెమెరా సెట్టింగుల మాట కాస్త ఆలస్యంగా వస్తుంది. పువ్వు ఏ వేళకు విచ్చుకుంటుంది, ఆ వేళకు వెలుతురు ఎటునుంచి పడుతుంది, మనం ఎక్కడ కూర్చోవాలి అన్నవే ముందు.

తోట పెద్దదే కానక్కర్లేదు. మాగుంట లేఔట్‌లోనో దర్గామిట్టలోనో ఇళ్ల మధ్యనున్న చిన్న పార్కు, గుడి వెనక పూలమొక్కలు, స్వర్ణాల చెరువు గట్టు పక్కన కాస్త పచ్చదనం, ఇంటి మిద్దె మీద కుండీలు, ఏదైనా సరిపోతుంది. నన్నడిగితే చిన్న తోటే మేలు. నాలుగు రకాల మొక్కలున్న చోట వాటి అలవాట్లు త్వరగా పట్టుబడతాయి. నలభై రకాలుంటే ఒక్కోదాని ముందు అరనిమిషం నిలబడి ఇంకోదాని దగ్గరికి పరిగెత్తడమే సరిపోతుంది.

1. ఏ పువ్వు ఎప్పుడో తెలుసుకోండి

ఇది తెలియకుండా బయల్దేరితే సగం తోట వాడిపోయి కనిపిస్తుంది, మిగతా సగం మొగ్గల్లో ఉంటుంది. మన ఇళ్లలో అమ్మమ్మలకు, నాయనమ్మలకు ఇది కొట్టినపిండి. పూజకు ఏ పువ్వు ఎప్పుడు కోయాలో, జడలోకి ఏ మొగ్గ ఎప్పుడు తెంపాలో వాళ్లకు గడియారం చూడకుండానే తెలుసు. ఒక సాయంత్రం వాళ్ల పక్కన కూర్చుని అడిగి రాసుకోండి.

పారిజాతం రాత్రిపూట విచ్చుకుని తెల్లారేసరికి రాలిపోతుంది. కొమ్మ మీద పూలు కావాలంటే చీకటితోనే వెళ్లాలి. నేలమీద పరుచుకున్న పూలు కావాలంటే సూర్యోదయానికి అక్కడుండాలి, అదీ చీపురు పట్టుకుని ఊడ్చేవాళ్లు రాకముందే. రాలిన వాటిలో చాలా పూలు బోర్లా పడి నారింజరంగు కాడలు పైకి తేలి ఉంటాయి. తెల్ల రేకులు, ఆ కాడల రంగు, తడిమట్టి మూడూ ఒకే ఫ్రేములో దొరికేది ఆ కాసేపే.

మందారం పొద్దున విచ్చుకుంటుంది. చాలా రకాల్లో ఒక్క పగలే పువ్వు ఆయుష్షు, సాయంత్రానికి ముడుచుకుపోతుంది. ఏడు నుంచి ఎనిమిదిన్నర మధ్య రేకులు పూర్తిగా చాచుకుని, ముడత లేకుండా ఉంటాయి. శంఖుపూలూ పొద్దుటివే. తామర కూడా పొద్దునే విచ్చుకుని, ఎండ ముదిరేకొద్దీ ముడుచుకోవడం మొదలుపెడుతుంది. నాచుపూలది మాత్రం వేరే లెక్క. కొందరు వీటిని గడ్డిగులాబీలంటారు. ఎండ తగిలితేనే ఇవి తెరుచుకుంటాయి, మబ్బుపట్టిన రోజు మొగ్గల్లాగే ఉండిపోతాయి. ఏడింటికి వెళ్లి చూసి ఇవాళ పూయలేదనుకుని తిరిగిరాకండి. ఎనిమిదిన్నర, తొమ్మిది ప్రాంతంలో మళ్లీ చూడండి.

సాయంత్రాలకు వేరే పూలున్నాయి. చంద్రకాంత నాలుగు దాటాక తెరుచుకుంటుంది. మల్లెమొగ్గ మధ్యాహ్నానికి నిండి, పొద్దుగూకే వేళకు విచ్చుకుంటుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది రాధామనోహరం. పొద్దుగూకాక తెల్లగా విచ్చుకుని, మర్నాటికి గులాబీ రంగుకు, ఆపైన ఎరుపుకు తిరుగుతుంది. అందుకే ఒకే గుత్తిలో మూడు రంగులుంటాయి. గుత్తిని మసకచీకట్లో తీస్తే అప్పుడే విచ్చుకున్న తెల్లపువ్వూ, నిన్నటి గులాబీరంగుదీ, మొన్నటి ఎర్రదీ పక్కపక్కనే పడతాయి. పగలు తీస్తే ఆ తెలుపు అప్పటికే రంగు మారి ఉంటుంది.

బంతి, చామంతి, నూరు వరహాలు, కనకాంబరం రోజుల తరబడి అలాగే నిలుస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు వీటి మీద చెయ్యి తిప్పుకోవడం మంచిది. ఇవాళ కుదరకపోయినా అదే పువ్వు రేపూ ఉంటుంది.

కాలాల మాటకొస్తే, వేసవిలో తురాయి, రేల విరగబూస్తాయి. కాగితంపూల తీగకు నీళ్లు తగ్గితేనే పూత ఎక్కువ, కనుక మండువేసవి దానిది. చలి మొదలయ్యాక చామంతులు, డిసెంబరు పూలు వస్తాయి.

2. మన ఊరి వెలుతురు లెక్క

మే నెలాఖరుకు నెల్లూరులో సూర్యోదయం 5.40 ప్రాంతంలో అవుతుంది. జనవరి మధ్యలో 6.40 దగ్గర పడుతుంది. ఈ గంట తేడాను బట్టే అలారం పెట్టుకోవాలి. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి గంటా గంటన్నర వరకు వెలుతురు పక్కనుంచి వస్తుంది, మెత్తగా ఉంటుంది, గాలి కూడా దాదాపు ఉండదు. రోహిణి కార్తెలోనైతే ఏడున్నరకే సర్దుకోవాల్సి వస్తుంది. జనవరిలో తొమ్మిదిన్నర దాకా పని నడుస్తుంది.

దీనికి కారణం ఉంది. నెల్లూరు సుమారు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి రోజుల్లో ఒకసారి, ఆగస్టు మధ్యలో మరోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ నెలల్లో ఎండ నిట్టనిలువునా పడి రేకు పైభాగం మండిపోతుంది, కిందంతా నల్లటి నీడ. డిసెంబరు, జనవరి నెలల్లో మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణానికి వాలే ఉంటాడు కాబట్టి పువ్వుకు దక్షిణం వైపు నుంచి కాస్త ఏటవాలు వెలుతురు అందుతుంది.

అసలు పండగ మాత్రం మబ్బుపట్టిన రోజే. ఈశాన్య రుతుపవనాల వల్ల అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన జిల్లాలో వానలెక్కువ. వాన వెలిసి, ఇంకా మబ్బు విడవని ఉదయం ఆకాశానికి పల్చటి తెల్లపంచె కట్టినట్టుంటుంది. నీడలు ఉండవు, రంగులు నిండుగా ఉంటాయి, ఆకుల మీద దుమ్ము కడుక్కుపోయి ఉంటుంది. అలాంటి రోజున పది, పదకొండు గంటల వరకూ నిశ్చింతగా తీసుకోవచ్చు. తుఫాను హెచ్చరికలున్న రోజుల్లో మాత్రం చెట్ల కిందికి పోవద్దు, తురాయి కొమ్మలు గాలికి ఇట్టే విరుగుతాయి.

3. ముందురోజు ఒకసారి వెళ్లి చూసి రండి

కెమెరా లేకుండా వెళ్లండి. తూర్పు ఎటో చూసుకోండి, ప్రహరీ గోడ నీడ ఎంతవరకు పడుతుందో చూసుకోండి. ఏ మొక్కకు రేపు విచ్చుకునే మొగ్గలున్నాయో గుర్తుపెట్టుకోండి. మందారంలో రేపటి మొగ్గ పొడుగ్గా సాగి, కొనన రంగు బయటికి తొంగిచూస్తూ మెలితిరిగి ఉంటుంది. అది కనిపిస్తే రేపటి ఫొటో ఎక్కడుందో తెలిసిపోయినట్టే.

తోటమాలితో మాట్లాడటం అన్నిటికన్నా ముఖ్యం. నీళ్లు ఎప్పుడు పెడతారు, మందు ఎప్పుడు కొట్టారు, ఏ మొక్క ఈ వారం బాగా పూస్తోంది అన్నవి ఆయనకే తెలుస్తాయి. "అన్నా, ఆ ఎర్రమందారం కాడికి ఎప్పుడు రమ్మంటావు?" అని అడిగితే మా పార్కు పెద్దాయన, "పొద్దన్నే ఆరింటికి రా సామీ. ఏడు దాటితే వాకింగుకు వచ్చినోళ్లు పూజకని కోసుకోని పోతారు" అన్నాడు. ఈ ముక్క ఏ కెమెరా పుస్తకంలోనూ దొరకదు. గుడి తోట అయితే పూజారినో, అక్కడ చూసుకునేవాళ్లనో అడిగి లోపలికెళ్లండి. పార్కుల్లో ట్రైపాడ్ చూస్తే వాచ్‌మన్ అడ్డుపడొచ్చు, ముందే చెప్పి పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు.

ఫొటో కోసం పువ్వు కోయొద్దు, అడ్డమొచ్చిన కొమ్మ విరవొద్దు. కొమ్మను పక్కకు వంచి పట్టుకుంటే చాలు. గన్నేరు, పచ్చగన్నేరు చెట్ల పాలు విషం. వాటిని తాకితే ఇంటికెళ్లేదాకా ఆగకుండా అక్కడే చేతులు కడుక్కోండి, ఆ చేతులతో కళ్లు నలుపుకోవద్దు. పొదల పక్కన మోకాళ్ల మీద కూర్చునే ముందు కర్రతో ఒకసారి తట్టి చూడండి. వానాకాలంలో పాములుంటాయి, ఎర్రచీమల పుట్ట మీద కూర్చుంటే ఆ పూటకు పని ఆగిపోయినట్టే.

4. సంచిలో ఏముండాలి

ఫోను లేదా కెమెరా, లెన్సు తుడిచే మెత్తటి గుడ్డ, పల్చటి తెల్ల పంచె ముక్క, ఒక పెద్ద నల్లగుడ్డ, తెల్ల థర్మోకోల్ పలక, బట్టల క్లిప్పులు నాలుగు, సన్నటి వెదురుపుల్ల, మోకాళ్ల కింద వేసుకోను పాత గోనెపట్టా, నీళ్ల సీసా. థర్మోకోల్ పలక టీవీ కొన్నప్పుడు అట్టపెట్టెలో వచ్చిందే చాలు.

ఒక జాగ్రత్త. ఏసీ గదిలోంచి తెల్లవారుజామున బయటికి తెస్తే మన ఊరి ఉక్కకు లెన్సు మీద ఆవిరి పడుతుంది. ఎంత తుడిచినా మళ్లీ కమ్ముతుంది. రాత్రే కెమెరాను వరండాలోనో, ఏసీ లేని గదిలోనో పెట్టండి. లేదా సంచి జిప్పు తియ్యకుండా బయట పావుగంట, ఇరవై నిమిషాలు ఉంచండి.

5. పువ్వుకంటే ముందు దాని వెనక చూడండి

పూల ఫొటోల్లో ఎక్కువభాగం పాడయ్యేది వెనకున్న వాటివల్లే. నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్ము, ఆరేసిన బట్టలు, గోడ మీది పోస్టరు, ఎండపడి మెరుస్తున్న ఒక ఆకు. కన్ను పువ్వునే చూస్తుంది, ఫొటోలో మాత్రం అవే ముందు కనబడతాయి. పువ్వు నచ్చగానే దాని చుట్టూ ఒక అర్ధచంద్రాకారంగా మెల్లిగా కదలండి. ఒక అడుగు పక్కకు జరిగితే డ్రమ్ము ఆకుల వెనక్కి పోతుంది. మోకాళ్ల మీదికి దిగితే గోడ పోయి దూరపు చెట్లు వస్తాయి.

పువ్వుకూ వెనకున్న వాటికీ మధ్య దూరం ఎంత ఎక్కువైతే వెనకభాగం అంత మెత్తగా కరిగిపోతుంది. పువ్వు వెనక జానెడు దూరంలో గోడ ఉంటే ఎంత మంచి లెన్సయినా దాన్ని దాచలేదు. పదడుగుల వెనక గోడ ఉంటే ఫోనుకైనా పని సులువవుతుంది.

నల్లటి వెనకభాగం కావాలంటే నల్లగుడ్డ పట్టుకోమని పక్కవాళ్లను అడగొచ్చు. అంతకన్నా అందమైన దారి ఒకటుంది. పొద్దుటెండ చెట్ల సందుల్లోంచి ఒక్క పువ్వు మీదే పడి, వెనకంతా దట్టమైన నీడగా ఉన్న చోటు వెతకండి. పువ్వు మీద ఫోకస్ పెట్టి వెలుగు తగ్గించండి. నీడ నల్లగా మునిగిపోతుంది, పువ్వు ఒక్కటే వెలుగుతుంది. నందివర్ధనానికి ఇది బ్రహ్మాండంగా కుదురుతుంది.

నిలబడి కిందికి చూస్తూ తీయకండి. రోజూ అందరూ పువ్వును చూసేది అలాగే, కాబట్టి ఆ ఫొటో ఎవరినీ ఆపదు. పువ్వు ఎత్తుకు దిగండి. ఒక్కోసారి పువ్వు వెనకనుంచి, తొడిమ వైపునుంచి చూడండి. తామరను నీటిమట్టానికి దగ్గరగా, దేవగన్నేరును కిందనుంచి ఆకాశానికేసి తీయండి.

6. ఫోనుతో తీసేవాళ్లకు

లెన్సు తుడవండి. జేబులో, సంచిలో తిరిగే ఫోనుకు జిడ్డు అంటుతూనే ఉంటుంది. పూలు పొగమంచులో ఉన్నట్టు రావడానికి చాలాసార్లు కారణం అదే.

ఫోకస్ ఎక్కడ కావాలో అక్కడ వేలితో తాకండి. వేలు అలాగే అదిమి ఉంచితే చాలా ఫోనుల్లో ఫోకస్, వెలుగు రెండూ అక్కడే లాక్ అవుతాయి. ఆ తర్వాత తెరమీద కనిపించే సూర్యుడి గుర్తును కిందికి కాస్త లాగి వెలుగు తగ్గించండి. పూలకు నూటికి తొంభైసార్లు ఇది అవసరమవుతుంది, ఎందుకంటే చుట్టూ ఉన్న ముదురాకుల్ని చూసి ఫోను మొత్తం దృశ్యాన్ని అనవసరంగా వెలిగిస్తుంది.

మరీ దగ్గరికి వెళ్తే ఫోకస్ కుదరదు. ఒక అడుగు వెనక్కి జరిగి రెండింతల జూమ్ వాడండి, లేదంటే తీశాక కత్తిరించండి. మరీ దగ్గరి ఫొటోలకు ఉద్దేశించిన మాక్రో మోడ్ ఉన్న చాలా ఫోన్లు అందుకు అల్ట్రావైడ్ కెమెరాను వాడతాయి. అవి రెండు మూడు సెంటీమీటర్ల దాకా వెళ్లనిస్తాయి, కానీ అంత దగ్గరైతే ఫోను నీడే పువ్వు మీద పడుతుంది. వెలుతురు పక్కనుంచి వచ్చేలా తిరిగి కూర్చోండి. తక్కువ ధర ఫోన్లలో ఉండే 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరాను నేను వాడమని చెప్పను. మెయిన్ కెమెరాతో తీసి కత్తిరించినదే స్పష్టంగా ఉంటుంది.

పోర్ట్రెయిట్ మోడ్ కూడా పూలకు నప్పదు. మనిషి ముఖం చుట్టూ అది కొలత బాగా వేస్తుంది. మందారం కేసరాల చివర్లు, రాధామనోహరం సన్నటి కాడలు దగ్గరికొచ్చేసరికి వాటినీ వెనక ఆకులతో కలిపి మసకేస్తుంది. ఫ్లాష్ ఆపేయండి.

7. కెమెరాతో తీసేవాళ్లకు

కెమెరాతోపాటు వచ్చే 18-55 లెన్సుతో మొదలుపెట్టండి. 55 దగ్గర పెట్టి, ఫోకస్ అందినంత దగ్గరికి వెళ్తే మందారం ఫ్రేము నిండుతుంది. ఇంకా దగ్గర కావాలంటే లెన్సు ముందు బిగించే క్లోజప్ ఫిల్టరో, లెన్సుకూ కెమెరాకూ మధ్య పెట్టే ఎక్స్‌టెన్షన్ ట్యూబులో చవకలో వస్తాయి. 90 నుంచి 105 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు కొనడం ఆ తర్వాతి సంగతి. అది ఉంటే పువ్వుకు నీడ పడకుండా దూరంగా కూర్చునే పని చేసుకోవచ్చు.

లెన్సులో వెలుతురు దూరే రంధ్రం, అంటే అపర్చరు విషయంలో తొందరపడొద్దు. ఎఫ్ పక్కన అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది. ఎఫ్ 2.8 పెడితే వెనకంతా కరిగిపోతుందని మోజు పడతాం. కానీ దగ్గరికి వెళ్లేకొద్దీ స్పష్టంగా వచ్చే మందం విపరీతంగా తగ్గిపోతుంది. పువ్వు అసలు సైజులోనే సెన్సరు (కెమెరా లోపల వెలుతురును పట్టే పలక) మీద పడేంత దగ్గరికి వెళ్తే, పెద్ద సెన్సరుండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో ఎఫ్ 8 పెట్టినా ఆ మందం సుమారు ఒక్క మిల్లీమీటరే. కాబట్టి దగ్గరి ఫొటోలకు ఎఫ్ 8 నుంచి ఎఫ్ 11 మధ్య ఉండండి, పువ్వునూ పరిసరాలనూ కలిపి తీసేటప్పుడు ఎఫ్ 4, 5.6 చాలు.

ఇంకో ఉపాయం, ఖర్చు లేనిది: పువ్వు ముఖానికి సెన్సరు సమాంతరంగా ఉండేలా కెమెరా పట్టుకోండి. నందివర్ధనంలా చదునైన పువ్వుకు ఇలా ఎదురుగా నిలిస్తే ఎఫ్ 5.6 దగ్గరే అయిదు రేకులూ స్పష్టంగా వస్తాయి. అదే పక్కనుంచి తీస్తే ముందు రేకు స్పష్టం, వెనకవి మసక. అది కావాలనుకుని తీస్తే బాగుంటుంది, కర్మకొద్దీ వస్తే బాగుండదు.

షట్టరు వేగం 1/250 సెకనుకు తగ్గకుండా చూడండి. గాలి ఉంటే 1/500. దానికోసం ఐఎస్ఓ, అంటే వెలుతురును పట్టే సున్నితత్వం, 800, 1600 దాకా వెళ్లినా ఫరవాలేదు. కాస్త గింజ కనబడ్డ ఫొటోను ఎవరూ తప్పుపట్టరు, కదిలిన ఫొటోను ఎవరూ చూడరు. ఫైలు రా ఫార్మాట్‌లో, అంటే కెమెరా కుదించి మార్చని రూపంలో తీసుకోండి, ఎరుపుల్ని తర్వాత సరిదిద్దుకోవడానికి అదే ఆధారం.

ఆటోఫోకస్ ముందుకూ వెనక్కూ వెతుకుతూ ఉంటే మాన్యువల్‌లో పెట్టండి. ఫోకస్ రింగును కదపకుండా, మీరే నడుము దగ్గర్నుంచి కొద్దిగా ముందుకూ వెనక్కూ ఊగుతూ, కేసరం కొన పదునుగా కనిపించిన క్షణాన నొక్కండి. వరసగా నాలుగైదు తీస్తే ఒకటి నిలుస్తుంది.

8. మందారం ముందు ఒక గంట

సాధన కోసం ఒక్క పువ్వు ఎంచుకోమంటే ఒంటిరేకు ఎర్రమందారాన్నే చెబుతాను. అయిదు రేకుల మధ్యనుంచి ఒక పొడవాటి కాడ బయటికి వస్తుంది. దాని పైభాగమంతా సన్నటి పోగులు, ఒక్కో పోగు కొనన పసుప్పచ్చ పుప్పొడి. అన్నిటికన్నా చివర అయిదు చిన్న ఎర్రటి బొడిపెలు, మఖమల్ గుడ్డలా నూగుతో ఉంటాయి. అవి కీలాగ్రాలు, అంటే పుప్పొడిని అందుకునే కొనలు. పుప్పొడి రేణువులు ఎంత పెద్దవంటే మంచి మాక్రో ఫొటోలో విడివిడిగా లెక్కపెట్టొచ్చు.

ఇప్పుడు ఫోకస్ ఎక్కడ? ఎదురుగా నిలబడి తీస్తే ఆ అయిదు బొడిపెలు మీ ముఖంలోకి పొడుచుకొస్తాయి, రేకులు చాలా వెనక ఉంటాయి. ఫోకస్ బొడిపెల మీద పెట్టి రేకులన్నీ ఎర్రటి మబ్బులా వదిలేయండి. అది ఒక ఫొటో. తర్వాత పక్కకు వచ్చి కాడ మొత్తం కెమెరాకు అడ్డంగా ఉండేలా కూర్చోండి. పోగులు, పుప్పొడి, బొడిపెలు అన్నీ ఒకే దూరంలో ఉంటాయి కాబట్టి అన్నీ స్పష్టంగా పడతాయి. అది రెండో ఫొటో. మూడోది, పువ్వు వెనక్కి వెళ్లి సూర్యుడికి ఎదురుగా. పొద్దుటెండ రేకుల్లోంచి దూరి వస్తుంటే ఈనెలన్నీ గీతలు గీతలుగా కనిపిస్తాయి. సూర్యుడు నేరుగా లెన్సులో పడకుండా ఒక రేకు చాటున దాచండి, అరచేతిని లెన్సు పైన గొడుగులా పట్టండి. నాలుగోది, పువ్వు కాకుండా రేపటి మొగ్గ.

ఎరుపుతో పెద్ద చిక్కుంది. ఎర్రమందారం, ఎర్రగులాబీ తీస్తే రేకులు గుడ్డముక్క అంటించినట్టు ముద్దగా వస్తాయి, ముడతలు, ఈనెలు మాయమవుతాయి. సెన్సరులో ఎరుపు చానెల్ ఒక్కటే ముందుగా నిండిపోవడం దీనికి కారణం. ఫొటోలో వెలుగు ఎంతుందో గీతగా చూపే మామూలు హిస్టోగ్రామ్ బాగానే ఉన్నట్టు చూపిస్తుంది. మూడు రంగులూ విడివిడిగా చూపే హిస్టోగ్రామ్ పెట్టుకుంటే ఎరుపు కుడి అంచుకు గుద్దుకోవడం కనిపిస్తుంది. ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటో మొత్తం వెలుగును, మైనస్ 0.7 నుంచి మైనస్ 1 దాకా తగ్గించండి. ఎండలోకన్నా నీడలో తీయండి.

9. మిగతా రంగుల తంటాలు

తెల్లపూలకు నల్లాకుల మధ్య కెమెరా ఎప్పుడూ ఎక్కువ వెలుగిస్తుంది, తగ్గించాలి. ఫ్రేమంతా తెల్లటి చామంతే నిండి ఉంటే అదే కెమెరా భయపడి బూడిదరంగు చేస్తుంది, అప్పుడు ప్లస్ 0.7 దాకా పెంచాలి. ఈ రెండు సందర్భాల తేడా చూసుకుంటే సరిపోతుంది.

శంఖుపువ్వు నీలాన్ని కెమెరాలు ఊదారంగు వైపు లాగుతాయి. రంగుల ఛాయను సరిచూసే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదలకుండా డేలైట్‌లో, అంటే సుమారు 5500 కెల్విన్‌లో పెట్టి తీయండి. నీడలో తీస్తే 7000 దాకా పోవాలి. మిగిలిన తేడాను ఎడిటింగులో ఊదా, నీలం రంగుల స్లైడర్లతో పువ్వును ఎదురుగా పెట్టుకుని సరిచేయండి. తీగ ఇంటి గేటు మీదే ఉంటుంది కదా, ఒక పువ్వు రాలినప్పుడు తెచ్చుకుంటే చాలు.

కాగితంపూలు తీసేటప్పుడు మధ్యలోకి చూడండి. మనం పూలనుకునే ఆ రంగు కాగితాలు నిజానికి ఆకులే. మూడు రంగుటాకుల మధ్య మూడు సన్నటి గొట్టాల్లాంటి పూలుంటాయి, వాటి కొనన బుల్లి తెల్లటి నక్షత్రాలు. ఫోకస్ ఆ నక్షత్రం మీద పడాలి.

10. గాలినీ ఎండనూ దారికి తెచ్చుకోవడం

గాలికి మొదటి మందు ఓపిక. గాలి ఆగకుండా వీయదు, విసురుకూ విసురుకూ మధ్య రెండు మూడు సెకన్లు పువ్వు నిలుస్తుంది. ఫోకస్ ముందే పెట్టుకుని ఆ సందులో నొక్కండి. వెదురుపుల్లను మొక్క పక్కన గుచ్చి, కాడను బట్టల క్లిప్పుతో వదులుగా పట్టించండి, క్లిప్పు ఫ్రేములో పడకుండా. గాలి వచ్చే వైపు తెరిచిన గొడుగు పెడితే ఇంకా మేలు. గన్నేరు, తంగేడు లాంటి పొడవు కొమ్మల పూలను గాలి రోజున వదిలేసి, నేలకు దగ్గరగా ఉండే బంతి, బిళ్లగన్నేరు, నాచుపూల దగ్గరికి వెళ్లండి.

ఎండ ముదిరాక తప్పనిసరిగా తీయాల్సి వస్తే తెల్లపంచె ఒక పొరగా పువ్వుకూ సూర్యుడికీ మధ్య పట్టండి. ఎంత దగ్గరగా పడితే అంత మెత్తటి వెలుతురు. పంచె పువ్వు మీదే కాదు, వీలైనంతవరకు వెనకభాగం మీద కూడా నీడ వేయాలి, లేకుంటే వెనక ఎండ మండిపోతుంది. నీడ పడ్డ వైపు థర్మోకోల్ పలక పెడితే రేకు కిందిభాగం తేటపడుతుంది. ఇద్దరుంటే ఈ పని హాయిగా జరుగుతుంది.

రాత్రి పూలకు ఫోను ఫ్లాష్ బదులు ఇంకో ఫోను టార్చి వాడండి. టార్చికి తెల్లకాగితం అడ్డం పెట్టి, పువ్వుకు పక్కగా, కొంచెం వెనకగా పట్టించండి. మల్లెరేకుల మందం, బ్రహ్మకమలం అని మనవాళ్లు పిలిచే ఆ రాత్రిపువ్వు లోపలి కేసరాలు అప్పుడే తెలుస్తాయి. ఫోనును కుర్చీకి ఆనించి రెండు సెకన్ల టైమర్ పెట్టండి.

చినుకులు కావాలంటే వాన వెలిశాక వెళ్లండి, లేదా తోటమాలి నీళ్లు పెట్టిన వెంటనే. కొందరు గ్లిజరిన్ కలిపిన నీళ్లు చల్లుతారు. నాకది నచ్చదు. బొట్లు కదలకుండా గాజుపూసల్లా నిలిచిపోయి తోటకు సంబంధంలేనట్టు కనిపిస్తాయి, పైగా ఆ జిడ్డు పువ్వుకే అంటుకుని ఉంటుంది.

11. పువ్వుకు వచ్చే చుట్టాలు

తేనెటీగ కోసం వెంటపడకండి. నూరు వరహాల పొద పక్కన కదలకుండా కూర్చుంటే సీతాకోకచిలుకలు వాటంతటవే వస్తాయి. ఒక గుత్తి మీద ఫోకస్ పెట్టి ఆగండి, వచ్చిన పురుగు ఆ గుత్తి మీద వాలేదాకా. 1/1000 సెకను పెట్టుకోండి. తెల్లవారుజామున చల్లదనానికి తూనీగలు, సీతాకోకచిలుకలు మందంగా ఉంటాయి, దగ్గరికి పోనిస్తాయి. మెట్టతామర, మందారం ఉన్న చోటికి తేనెపిట్టలు రావడం మామూలే, ఒకసారి వచ్చిన కొమ్మకే మళ్లీ వస్తాయి. మీ నీడ పువ్వు మీద పడిందా, ఎగిరిపోతాయి.

అన్నీ దగ్గరి ఫొటోలే తీసి ఇంటికి రాకండి. తోట మొత్తం కనిపించే ఫొటో ఒకటి, పూలు రాలిన దారి ఒకటి, ఖాళీ సిమెంటు బెంచీ పక్కన దేవగన్నేరు ఒకటి. ప్రశాంతంగా ఉన్న చోటని చూసేవాళ్లకు తెలిసేది వాటివల్లే. వాటిలో మనుషుల ముఖాలు పడితే అడిగి తీయండి.

12. ఇంటికొచ్చాక

ఆ రోజే చూసి ఎంచుకోండి. ఒక్కో పువ్వుకు ఒకటో రెండో ఉంచి మిగతావి తీసేయండి. పెద్దదిగా చేసి చూసినప్పుడు కేసరం కొన పదునుగా లేకపోతే రంగు ఎంత బాగున్నా పక్కన పెట్టాల్సిందే.

స్నాప్‌సీడ్ గానీ, లైట్‌రూమ్ మొబైల్ గానీ చాలు. ముందు కత్తిరింపు, తర్వాత వెలుగు. హైలైట్లు, అంటే బాగా వెలిగిన భాగాలు, తగ్గిస్తే తెల్లరేకుల్లో ఈనెలు తిరిగొస్తాయి. మొత్తం రంగుల్ని పెంచే సాచురేషన్ జోలికి పోకుండా, ఆకుల పచ్చదనాన్ని కాస్త తగ్గించి చూడండి, పువ్వు దానంతటదే ముందుకొస్తుంది. వెనక మెరిసే చుక్కలుంటే చెరిపేయండి. పువ్వు మీద ఉన్న చీమను, చిరిగిన అంచును అలాగే ఉంచండి.

ఫైలుకు పువ్వు పేరు, తోట, నెల రాసుకోండి. ఏడాది తిరిగేసరికి మీ వీధిలో ఏది ఎప్పుడు పూస్తుందో మీ చేతిలో లెక్క ఉంటుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే కుదించి పంపుతుంది.

ప్రింటు వేయించుకునేవాళ్లకు: 12 మెగాపిక్సెల్ ఫొటో, అంటే 4000కు 3000 చుక్కలది, అంగుళానికి 300 చుక్కల లెక్కన 12×8 అంగుళాల సైజుకు హాయిగా సరిపోతుంది. బాగా కత్తిరించినదైతే 6×4 తో సరిపెట్టుకోండి. పూలకు మెరిసే కాగితం కన్నా మ్యాట్ కాగితం బాగుంటుంది. ల్యాబులో ఇచ్చేటప్పుడు ఆటో కలర్ కరెక్షన్ వేయొద్దని గట్టిగా చెప్పండి, లేకపోతే శంఖుపువ్వు మళ్లీ ఊదారంగుకు తిరుగుతుంది. ముందు ఒక్క 6×4 వేయించి, పగటి వెలుతురులో బయట నిలబడి చూసుకుని, ఎరుపు సరిగా వచ్చిందనుకున్నాకే పెద్దది వేయించండి.